పెళ్లి లెక్కతో గేమ్ ఈవెంట్ ఖర్చు: ఏది గుత్తకు తీసుకోవాలి, ఏది వదిలేయాలి

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పెళ్లి కుదిరిన ఇంట్లో పెద్దమనుషులు కూర్చోగానే అడిగే మొదటి మాట "మొత్తం ఎంతల ఎల్లాలె?" అని. హాలు, వంట, చీరలు, బ్యాండు అన్నీ ఆ అంకె కిందే సర్దుకుంటాయి. ఫోన్ గేమ్‌లో కొన్ని రోజులే ఉండే లిమిటెడ్ ఈవెంట్ వచ్చిందంటే మాత్రం ఈ వరస తిరగబడుతుంది. ముందు బహుమతి కోసం చక్రం తిప్పే స్పిన్ నొక్కుతారు, ఎంత పోయిందో తర్వాత యూపీఐలో చూసుకుంటారు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ, గెన్షిన్ ఇంపాక్ట్ లాంటి గేముల్లో పైసలు పెట్టేవాళ్లకు ఏ ఈవెంట్‌లో పెళ్లి లెక్క పనికొస్తుందో, ఎక్కడ అదే లెక్క ముంచుతుందో చూద్దాం.

తీర్పు ముందే చెప్పడం మంచిది. గుత్తకు మారే ఈవెంట్‌లోనే, అంటే మొత్తం ఖర్చు ఎంతో ముందే తేలేదానిలోనే, డబ్బు పెట్టండి. గుత్తకు మారనిదానికి, అది ఎంత మెరిసినా, బయానా కూడా ఇవ్వొద్దు.

గుత్తా, ప్లేటు లెక్కా

వంటకు ఇక్కడ రెండు పద్ధతులు నడుస్తాయి. కేటరింగ్ వాళ్లతో ప్లేటుకు ఇంత అని మాట్లాడుకోవడం ఒకటి. బియ్యం, యాటలు, నూనె మనమే తెచ్చిపెట్టి, వంటమాస్టరు కూలి మొత్తంగా గుత్తకు ఖాయం చేయడం ఇంకొకటి. ప్లేటు లెక్కలో ఏమవుతుందో పెళ్లి చేసిన ప్రతి ఇంటికీ తెలుసు. నాలుగొందల మంది అనుకున్న దావత్‌లో ఐదొందల యాభై ప్లేట్లు లేస్తాయి. ప్లేటు ధర చిన్నగానే ఉంటుంది, బిల్లు మాత్రం మన చేతిలో ఉండదు.

గేమ్‌లో స్పిన్, క్రేట్ (ఏమొస్తుందో తెలియని పెట్టె), లక్కీ డ్రా అన్నీ ప్లేటు లెక్కలే. వాటిని గుత్తకు మార్చే ప్రశ్న ఒక్కటే: "అదృష్టం రవ్వంత కూడా కలిసిరాకపోతే, నాకు కావాల్సిన వస్తువు చేతికొచ్చేసరికి ఎన్ని రూపాయలు?" ఈవెంట్ పేజీలో దీనికి జవాబు దొరికితే గుత్త. దొరక్కపోతే ప్లేటు లెక్క.

జవాబు ఎక్కడ వెతకాలంటే, ఈవెంట్ తెర మూలన ప్రశ్న గుర్తో, చిన్న "ఐ" గుర్తో ఉంటుంది. అది నొక్కితే రూల్స్, అవకాశాల శాతాలు కనిపిస్తాయి. డబ్బు తీసుకుని ఏమొస్తుందో తెలియని పెట్టెలు అమ్మే యాప్‌లు ఆ శాతాలు చూపాలని ఆపిల్ 2017 డిసెంబరులోనే నిబంధన పెట్టింది, 2019లో గూగుల్ ప్లే కూడా పెట్టింది. అంటే సమాచారం ఉంటుంది, చదివేవాళ్లే తక్కువ.

ఆ శాతాన్ని చదివే తీరులో ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ఒక శాతం అవకాశం అంటే నూరు సార్లు తిప్పితే వచ్చి తీరుతుందని లెక్కేస్తారు. అది తప్పు. ఒక శాతం అవకాశంతో నూరు స్పిన్లు వేసిన నూరు మందిలో సుమారు 63 మందికే ఆ వస్తువు దక్కుతుంది, 37 మంది ఖాళీ చేతులతో మిగులుతారు. మూడొందల స్పిన్లు వేసినా నూటికి ఐదుగురికి రాదు. ఇన్ని స్పిన్ల తర్వాత తప్పకుండా ఇస్తాం అనే గ్యారంటీ వాక్యం రూల్స్‌లో లేకపోతే ఆ ఈవెంట్‌కు పై హద్దు లేదన్నట్టే. హద్దులేని దానికి బడ్జెట్ వేయడం ఎవరివల్లా కాదు.

ఫేడెడ్ వీల్: గుత్తకు మారే స్పిన్

ఫ్రీ ఫైర్‌లో తరచూ వచ్చే ఫేడెడ్ వీల్‌ను దగ్గరగా చూస్తే లెక్క బాగా అర్థమవుతుంది. చక్రం మీద పది వస్తువులుంటాయి. అక్కర్లేని రెండు మనమే తీసేయాలి. మిగిలిన ఎనిమిదిలో ఒకసారి వచ్చింది మళ్లీ రాదు. కాబట్టి ఎనిమిదో స్పిన్ లోపు పెద్ద బహుమతి వచ్చి తీరుతుంది. స్పిన్ ధర మాత్రం ప్రతిసారీ పెరుగుతుంది. ధర ఆటలో డబ్బుకు కొనే డైమండ్లలో ఉంటుంది, ఎక్కువగా కనిపించే వరస ఇది: 9, 19, 39, 69, 99, 149, 199, 499 డైమండ్లు.

కూడుతూ పోతే ఇలా వస్తుంది: 9, 28, 67, 136, 235, 384, 583, 1082. ఏడు స్పిన్లకు 583, చివరి ఒక్క స్పిన్‌కే 499. మొత్తంలో దగ్గర దగ్గర సగం ఆ చివరి నొక్కుడులోనే ఉంది. పెద్ద బహుమతికి మిగతా వాటితో సమానమైన అవకాశం ఉంటుందని అనుకోవద్దు, అది చివరిదాకా మిగిలిపోవడం మామూలే. అందుకే ఈ చక్రం గుత్త ధర 1082. వంద డైమండ్లు 80 రూపాయలకు దొరుకుతున్నాయి అనుకుంటే సుమారు 866 రూపాయలు. ఈవెంట్‌ను బట్టి ధరలు మారతాయి కాబట్టి, తిప్పే ముందు రూల్స్ పేజీలో ఎనిమిది అంకెలూ కాగితం మీద కూడుకోవాలి.

ఇక్కడ తెలివైన చోట్లు రెండే. 1082 మొత్తం చేతిలో ఉండి, ఆ వస్తువు అంత ధరకు ఇష్టమైతే మొదలుపెట్టండి. లేదంటే 9, 19 వేసి సరదా తీర్చుకుని 28 దగ్గర ఆగండి. నడిమధ్యలో, 384 దగ్గరో 583 దగ్గరో ఆగడం అన్నిటికంటే నష్టం. హాలుకు బయానా, బ్యాండుకు బయానా ఇచ్చి ముహూర్తం మార్చుకున్న ఇంటి పరిస్థితి అది. ఇచ్చింది తిరిగి రాదు, పెళ్లీ కాలేదు. ఆ బాధతోనే చాలామంది ఎనిమిదో స్పిన్‌కు అప్పు చేస్తారు. ధర వరసను పేర్చిందే ఆ ఒత్తిడి కోసం.

ఇంకో చిక్కు. 1082 డైమండ్లు సరిగ్గా అంతే కొనడం కుదరదు. 1060 ప్యాకు మీద 100 ప్యాకు కొంటే 78 మిగులుతాయి. వచ్చే నెల కొత్త చక్రంలో మొదటి మూడు స్పిన్లకు అయ్యేది 67. మిగిలిన చిల్లర సరిగ్గా మూడు స్పిన్లకు సరిపోతుంది, నాలుగోదానికి సరిపోదు. "ఎట్లాగూ మూడు వేసినం" అన్న మాట అక్కడ మొదలవుతుంది. మిగిలిన డైమండ్లను తర్వాత కొనబోయే, ధర రాసి ఉన్న వస్తువు పేరు మీద పుస్తకంలో రాసి పెట్టండి.

గెన్షిన్ బ్యానర్: గుత్త ఉంది, పెద్దది

గెన్షిన్ ఇంపాక్ట్‌లో క్యారెక్టర్ బ్యానర్‌కు, అంటే ఫలానా క్యారెక్టర్ కోసం కొన్ని రోజులు నడిచే డ్రాకు, గ్యారంటీ ఉంది. ఒక విష్‌కు, అంటే ఆ డ్రా ఒకసారి తీయడానికి, ఆటలోని నాణేలైన ప్రిమోజెమ్‌లు 160. ఐదు నక్షత్రాల క్యారెక్టర్ వచ్చే మామూలు అవకాశం 0.6 శాతం. 90 విష్‌ల లోపు ఐదు నక్షత్రాలది ఒకటి తప్పకుండా వస్తుంది. కానీ అది బ్యానర్ మీద బొమ్మ ఉన్న క్యారెక్టరే కావాలని లేదు. మొదటిసారి తప్పిపోతే రెండోసారి మాత్రం ఖాయం. కాబట్టి గుత్త ధర 180 విష్‌లు, అంటే 28,800 ప్రిమోజెమ్‌లు.

దీన్ని డబ్బులోకి తిప్పి చూడాలి. డబ్బుకు కొనేవి క్రిస్టల్స్, అవి ఒకటికి ఒకటిగా ప్రిమోజెమ్‌లవుతాయి. 6480 క్రిస్టల్స్ పెద్ద ప్యాకుకు మామూలుగా 1600 బోనస్ కలిపి 8080 వస్తాయి. అలాంటివి నాలుగు కొంటేగానీ 28,800 దాటదు. వెల్కిన్ మూన్ అనే నెల కార్డుతో వెళ్తే కొన్న రోజు 300, ఆపైన రోజుకు 90 చొప్పున ముప్పై రోజులు, మొత్తం 3000. ఆ దారిన దాదాపు పది నెలలు. ఆటలో ఉచితంగా వచ్చేవి కలుపుకుంటే గడువు బాగా తగ్గుతుంది.

ఇక్కడ పెళ్లి ఇంటి ఓపిక పనికొస్తుంది. ఆడపిల్ల పెళ్లికి కొంటున్న బంగారం తులం తులం కూడబెట్టినట్టే విష్‌లు కూడబెట్టాలి. ఒక బ్యానర్‌లో వేసిన విష్‌ల లెక్క తర్వాతి క్యారెక్టర్ బ్యానర్‌కు కొనసాగుతుంది, పోదు. కానీ ఆ లెక్క ఉంది కదా అని ప్రతి బ్యానర్‌లో పది పది వేసేవాళ్లకు కావాల్సినప్పుడు కావాల్సింది దొరకదు. ఎవరు కావాలో ఒకరిని ఖాయం చేసుకుని, 180 విష్‌లు చేరేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టడమే సరైన పద్ధతి. పాత క్యారెక్టర్లు మళ్లీ బ్యానర్ మీదికి వస్తుంటారు కాబట్టి ఈసారి తప్పితే జన్మలో రాదనే భయం అక్కర్లేదు.

పాస్, నెల కార్డు, టాప్‌అప్ ఆఫర్

ఆడుతూ లెవల్స్ దాటేకొద్దీ బహుమతులిచ్చే పాస్‌ల ధర ముందే రాసి ఉంటుంది, గుత్త కోసం వెతకక్కర్లేదు. చిక్కంతా ఎప్పుడు కొనాలనేదే. బీజీఎంఐ రాయల్ పాస్, ఫ్రీ ఫైర్ బూయా పాస్ లాంటివాటిలో సీజన్ చివర్లో కొన్నా, అప్పటిదాకా చేరిన లెవల్ వరకు బహుమతులన్నీ ఒకేసారి వస్తాయి. మొదటి రోజు కొంటే లెవల్ ఎంతదాకా పోతుందో తెలియదు. ముందుగా కొన్నవాళ్లకు ప్రత్యేకంగా ఏదైనా ఇస్తున్నారేమో చూసుకుని, లేకపోతే ఆఖరి వారం దాకా ఆగండి. కావాల్సిన డ్రెస్ ఉన్న లెవల్ దాటితే కొనండి, దాటకపోతే వదిలేయండి. లెవల్ చాలక లెవల్స్ కూడా డబ్బుకు కొనడం మొదలైతే అది మళ్లీ ప్లేటు లెక్కే.

నెల కార్డు, వారం మెంబర్‌షిప్ లాంటివి రోజూ లాగిన్ అయ్యేవాళ్లకు అన్నిటికంటే చవక. రోజూ రానివాళ్లకు దండగ. వెల్కిన్‌లో తప్పిన రోజుల జెమ్‌లు తర్వాత ఇవ్వరు. పరీక్షలున్న నెల, వరి కోతల నెల, ఇంట్లో నిజమైన పెళ్లి ఉన్న నెల కార్డు కొనకూడదు.

టాప్‌అప్ ఈవెంట్ అంటే ఇంత రీఛార్జ్ చేస్తే ఫలానా వస్తువు ఉచితం అనేది. కొన్న డైమండ్లు మన దగ్గరే ఉంటాయి కాబట్టి ఇది మంచి బేరమే, ఎట్లాగూ కొనాలనుకున్న మొత్తానికి మాత్రమే. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, చీరల మీద తగ్గింపులుంటాయి. శ్రావణంలో ముహూర్తం ఉన్న ఇంటివాళ్లు గద్వాల, పోచంపల్లి, నారాయణపేట చీరలు అప్పుడే తెచ్చి బీరువాలో పెడతారు. పెళ్లి లేని ఇంటివాళ్లు తగ్గింపు ఉందని పది పట్టుచీరలు తెస్తే అది పొదుపు కాదు. 500 డైమండ్లు కొనాలని పుస్తకంలో రాసుకున్నవాళ్లు టాప్‌అప్ ఈవెంట్ వచ్చేదాకా ఆగి కొనాలి. రాసుకోనివాళ్లకు ఆ ఈవెంట్ లేనట్టే.

హాలు కిరాయి కాక డీజిల్

ఫంక్షన్ హాలు కిరాయి ఒకటి చెప్తారు. లెక్క చేసే రోజు కరెంటు యూనిట్లు, జనరేటర్ డీజిల్, శుభ్రం చేసిన కూలి విడిగా వస్తాయి. అందుకే తెలిసినవాళ్లు బయానా ఇచ్చే రోజే "కిరాయిల ఏమేం కలుస్తయి?" అని అడిగి చీటీ మీద రాయించుకుంటారు.

గేముల్లో డీజిల్ ఎక్కువగా గన్ స్కిన్ల (తుపాకీ రూపు మార్చే అలంకారాలు) దగ్గర కాలుతుంది. ఫ్రీ ఫైర్‌లో లెవల్ పెంచుకుంటూ పోవాల్సిన ఎవో గన్ చేతికొచ్చినప్పుడు మొదటి లెవల్‌లోనే ఉంటుంది. వీడియోల్లో చూసి ఆశపడ్డ ఎఫెక్టులు పై లెవల్స్‌లో తెరుచుకుంటాయి, వాటికి టోకెన్లు విడిగా కావాలి. బీజీఎంఐలో అప్‌గ్రేడ్ అయ్యే గన్ స్కిన్లకు మెటీరియల్స్ కావాలి. గెన్షిన్‌లో క్యారెక్టర్ వచ్చాక దాని ఆయుధం మరో బ్యానర్‌లో ఎదురుచూస్తుంటుంది. స్కిన్ ఏ లెవల్‌లో మీకు కావాలో ముందే అనుకుని, అక్కడిదాకా అయ్యే ఖర్చునే దాని ధరగా రాసుకోవాలి. మొదటి లెవల్ స్కిన్ నచ్చకపోతే ఆ ఈవెంట్ మీకు కాదు.

వెంట తేకూడని పెళ్లి అలవాట్లు

మన పెళ్లి లెక్కల్లో అన్నీ మంచివే లేవు. "ఒక్కసారే గదా" అనే మాట పెళ్లికి చెల్లుతుంది. ఈవెంట్ నెలనెలా వస్తుంది, పండుగకొకటి అదనం. ఆ మాట ఇక్కడ వాడితే ఏడాదికి పన్నెండు పెళ్లిళ్లు చేసినట్టు.

కట్నాల పుస్తకం ఇంకొకటి. చదివింపుల్లో ఇచ్చిన పైసలు ఎప్పుడో ఒకనాడు మన ఇంటి పెళ్లిలో తిరిగొస్తాయి. గేమ్‌లో స్క్వాడ్ వాళ్లకు పంపిన గిఫ్టులకు అలాంటి పుస్తకం లేదు. అకౌంట్ అమ్ముకుని తీసుకుంటామనే లెక్కా వేయొద్దు. చాలా గేముల నిబంధనలు దాన్ని ఒప్పుకోవు, పైగా కొన్నవాడు మోసపోయినా అమ్మినవాడు మోసపోయినా అడిగే దిక్కుండదు.

రాబోయే డబ్బును ముందే ఖర్చుపెట్టడం మరీ చెడ్డది. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయలు వస్తాయని తెలిసినా చెక్కు ఏ రోజు చేతికొస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని నమ్ముకుని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 24 శాతం. పాస్ పూర్తి చేస్తే కొంత యూసీ (బీజీఎంఐలో డబ్బుకు కొనే నాణేలు) తిరిగొస్తుందనే మాట కూడా అంతే. వచ్చాక రాసుకోండి, రాకముందు కాదు. గేమ్ కోసం క్రెడిట్ కార్డు, తర్వాత కట్టే పద్ధతులు, లోన్ యాప్‌లు అసలు వద్దు.

ఎంట్రీ ఫీజు కట్టి కిల్లుకు ఇంత అని డబ్బు గెలిచే కస్టమ్ రూములను, అంటే విడిగా పెట్టే మ్యాచ్‌లను, ఈ బడ్జెట్‌లో కలపకండి. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి నిషేధం తెచ్చింది, 2025లో కేంద్రం కూడా డబ్బు పందెం ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

ఎవరికి ఏది

ఏడాదికి అంకె ముందు, నెలకు తర్వాత. నెలకు 400 పెట్టగలిగినవాళ్లకు ఏడాదికి 4,800 అనుకుందాం. దాన్ని నెలనెలా సమానంగా పంచితే ఏ పెద్ద ఈవెంట్‌కూ సరిపోదు, చిన్నవాటికే కరిగిపోతుంది. 2,400 ఒకే ఒక పెద్ద ఈవెంట్‌కు, 1,600 పాస్‌లకూ కార్డులకూ, 320 సరదా స్పిన్లకూ, 480 ముట్టుకోకుండా పక్కకు. పెళ్లిలో బడ్జెట్ దాటించేది హాలూ వంటా మాత్రమే కాదు. మైలపోలు, ఎదుర్కోళ్లు, ఒడిబియ్యం పేరుతో చివరి వారంలో వచ్చే చిల్లర ఖర్చులు కూడా. ఆ 480 వాటికోసం.

వారాంతంలోనే ఆడేవాళ్లు ధర రాసి ఉన్న ప్యాకులకే పరిమితం కావాలి. పాస్, కార్డు రెండూ వాళ్లకు నష్టం. రోజూ ఆడేవాళ్లకు నెల కార్డు ముందు, ఆఖరి వారంలో పాస్ తర్వాత. ఒక్క స్కిన్ కోసమో ఒక్క క్యారెక్టర్ కోసమో ఏడాదంతా చూసేవాళ్లకు గ్యారంటీ ఉన్న స్పిన్, అదీ గుత్త మొత్తం చేరాకే. గ్యారంటీ లేని క్రేట్ ఎవరికీ వద్దు. సంపాదన లేని విద్యార్థికి ఇంట్లో ఒప్పుకున్న గిఫ్ట్ కోడ్ ఎంతో అదే బడ్జెట్, నాన్న ఫోన్‌లోని యూపీఐ కాదు.

సంచి ఎవరి చేతిలో

పెళ్లి మూడు రోజులూ డబ్బు సంచి ఒకరి చేతిలోనే ఉంటుంది, సాధారణంగా మేనమామో బాబాయో. పెళ్లికొడుకు చేతిలో ఉండదు. గేమ్‌లో ఆ పని చేసేది గూగుల్ ప్లే గిఫ్ట్ కోడ్. అకౌంట్ నుంచి కార్డు, యూపీఐ తీసేసి, అనుకున్న మొత్తానికి కోడ్ కొని వేసుకుంటే అది అయిపోగానే ఖర్చు ఆగుతుంది. ఒకసారి వేసిన కోడ్‌ను నగదుగా మార్చుకోలేరు కాబట్టి పెద్ద మొత్తాలకు వద్దు.

ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి పేమెంట్స్ విభాగంలో బడ్జెట్ పెట్టుకోవచ్చు. అది హెచ్చరిస్తుందే తప్ప అడ్డుకోదు. సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెడితేనే అడ్డు. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌కు వెళ్లి యాప్ లోపలి కొనుగోళ్లు పూర్తిగా ఆపేయొచ్చు. గేమ్ కంపెనీ సొంత టాప్‌అప్ వెబ్‌సైట్‌లో కొంటే ఆ ఖర్చు ప్లే స్టోర్ బడ్జెట్‌లో పడదు, దాన్ని పుస్తకంలో చేత్తో రాయాల్సిందే. మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లు యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, నెల తిరిగేలోపు అక్కర్లేనిది రద్దు చేయాలి.

సగం ధరకే యూసీ, డైమండ్లు ఇస్తామని ఇన్‌స్టాలో, టెలిగ్రామ్‌లో వచ్చేవాళ్లకు లాగిన్ గానీ ఓటీపీ గానీ చెప్పొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. పిల్లలు తెలియక కొన్నది ఉంటే 48 గంటల లోపు గూగుల్ ప్లేలో ఆర్డర్ తెరిచి రిఫండ్ అడగండి. అప్పటిదాకా ఆ డైమండ్లు ఖర్చుపెట్టనివ్వకండి, వాడేసినవాటికి రిఫండ్ దొరకడం కష్టం. 48 గంటలు దాటితే అడగాల్సింది గేమ్ కంపెనీనే.